నేను మళ్ళీ కొట్టిన నంబరు

ఈమధ్య మన కుర్రవాళ్ళు కొందరు పాత స్పోర్ట్స్ కార్లు కొంటున్నారు. నడపడానికి కాదు, ధర పెరిగాక అమ్మడానికి. అలాంటి కార్లు బాగుచేసే షాపులో నేను ఇరవై ఏళ్ళకు పైగా పనిచేసి రిటైరయ్యానని ఎవరో చెప్పారట, పోయిన నెల ఒకతను ఫోన్ చేశాడు.

"అంకుల్, ఒక కార్ చూశాను. ఇన్వెస్ట్‌మెంట్‌కి. మీరొకసారి వచ్చి ఇన్‌స్పెక్ట్ చేస్తారా? ఫీజ్ ఇస్తాను."

రానన్నాను. ఎందుకన్నాడు. ఫోనులో చెప్పలేను, రాసి పంపిస్తానన్నాను. రాయడం మొదలుపెట్టాక, ఇది అతనొక్కడికే పంపితే చాలదనిపించింది. ఆ ప్రశ్న రేపు ఇంకొకరు అడుగుతారు. అందుకని అందరికీ రాస్తున్నాను. పేర్లు రాయను. కారు పేరు కూడా రాయను. రాస్తే మీరు దాని ఇప్పటి ధర వెతుకుతారు.

నేను చదివింది మెటలర్జీ. డెబ్భైల మొదట్లో వచ్చి, షికాగోకి పడమర ట్రాక్టర్లు చేసే ఫ్యాక్టరీలో ల్యాబులో చేరాను. ఎనభైల మొదట్లో ఆ ల్యాబు మూసేశారు. ఏడు నెలలు ఇంట్లో కూర్చున్నాను. తర్వాత రైలు పట్టాల పక్కనున్న ఒక షాపులో పని దొరికింది. యుద్ధం తర్వాత పోలండు నుంచి వచ్చిన ముసలాయన దాని యజమాని. రేకుపనిలో చెయ్యి తిరిగినవాడు. నా సర్టిఫికెట్లు పక్కన పెట్టేసి, "ప్రొఫెసర్, వెల్డింగు వచ్చా?" అని అడిగాడు. వచ్చునన్నాను. బెజవాడలో మా మేనమామకు లారీ షెడ్డు ఉండేది. స్కూలు సెలవులన్నీ నేను అక్కడే గడిపాను. కాలేజీ చదువుకంటే ఆ సెలవులే నాకు ఈ ఉద్యోగం తెచ్చిపెట్టాయి. ఆ సెలవులే తర్వాత నా చేత తప్పు కూడా చేయించాయి.

షాపులో ముసలాయన పెట్టిన నియమం ఒకటే. ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచాలి. చేరిన మొదటి వారం నేనొక పాత బోల్టును తళతళలాడేటట్టు రుద్ది పెట్టాను. మెచ్చుకుంటాడనుకున్నాను.

"ఇది ముప్పై ఏళ్ళ కిందట ఫ్యాక్టరీలో బిగించిన బోల్టు. నిన్నటిదాకా. ఇవాళ ఇది నువ్వు రుద్దిన బోల్టు" అన్నాడు.

నవ్వుకున్నాను. వృద్ధుల చాదస్తం అనుకున్నాను.

ఇక డాక్టరుగారి సంగతి. ఆయన సర్జను, తెనాలి వైపు వారు, నాకంటే నాలుగేళ్ళు పెద్ద. నేపర్‌విల్‌లో మా ఇంటికి రెండు వీధుల అవతల ఉండేవారు. అప్పట్లో ఆ వీధి చివర ఇంకా మొక్కజొన్న చేలు ఉండేవి. నా భార్యకు అపెండిక్స్ ఆపరేషన్ చేసింది ఆయనే. మచ్చ చిటికెన వేలంత కూడా లేదని ఆమె అందరికీ చెప్పుకునేది. ఆదివారాలు భోజనాలయ్యాక ఆయన చాకు తీసుకుని నారింజపండు వలిచేవారు. తొక్క ఎక్కడా తెగకుండా ఒకే పట్టీగా వచ్చేది. పిల్లలు దానికోసం పోటీపడేవాళ్ళు.

డెబ్భైల చివర మనవాళ్ళు కలిస్తే ఒకటే మాట. బ్యాంకులో పెట్టిన డబ్బు పెట్టినచోటే కరిగిపోతోందని. ఒకరు బంగారం అనేవారు, ఒకరు ఫ్లోరిడాలో స్థలాలు అనేవారు. డాక్టరుగారు హాస్పిటల్లో, డాక్టర్లు కూర్చునే గదిలో ఏదో పత్రిక చదివి, ఒక రిటైరైన పైలట్ దగ్గర పాత ఇంగ్లీషు కారు కొన్నారు. యాభైల్లో చేసింది, రెండు సీట్లది. ఆ రకం మొత్తం కొన్ని వందలే చేశారు. ఇంటిముందుకు తెచ్చి ఆపినరోజు నేనూ అక్కడే ఉన్నాను. ఆయన భార్య నిమ్మకాయలు పట్టుకుని బయటికొచ్చి, కారు చుట్టూ ఒకసారి తిరిగింది.

"ఇద్దరు కూర్చునే కారు. మనం ముగ్గురం" అంది.

"కూర్చోడానికి కాదే. పెట్టుకోడానికి."

"పెట్టుకోడానికి కారేమిటండీ, ఆవకాయా?"

"ఆవకాయే అనుకో. ఊరినకొద్దీ ధర."

వాళ్ళమ్మాయికి అప్పుడు ఎనిమిదేళ్ళు. కారు లోపలికి తొంగి చూసి, "డాడీ, మరి నేనెక్కడ సిట్ చేయాలి?" అంది. అందరం నవ్వాం. నిమ్మకాయలు తొక్కించి, కారును గారేజీలో పెట్టి, మీద దుప్పటి కప్పారు.

ఆయన దాన్ని నడపలేదు. తిరిగిన మైళ్ళు పెరిగితే ధర తగ్గుతుందని పత్రికలో రాశారట. ప్రతి ఆదివారం నేను వెళ్ళి ఇంజను ఒక పావుగంట ఆడించేవాణ్ణి. ఆయన పక్కన నిలబడి చూసేవారు.

"షేర్లంటే నాకు నమ్మకం లేదోయ్. కాగితం. దీన్నైతే తట్టి చూడొచ్చు" అని రేకు మీద రెండు వేళ్ళతో తట్టేవారు, రోగి వీపు మీద తట్టినట్టు. పని చేయలేని స్థితి వస్తే జీతం ఇచ్చే పాలసీ ఒకటి తీసుకోమని హాస్పిటల్ వాళ్ళు ఏటా కాగితం పంపేవారు. ఏటా ఆయన దాన్ని పక్కన పెట్టేవారు. నా పాలసీ గారేజీలో ఉంది అనేవారు.

ఎనభై ఐదులో ఒక ఆదివారం ఆయన నారింజ వలవలేదు. చాకు నా వైపు తోశారు. ఇంకో ఆదివారం కూడా అంతే. మూడోసారి గారేజీలో, ఇంజను ఆడుతుండగా, కుడిచెయ్యి నా ముందు చాపారు. బొటనవేలు, చూపుడువేలు ఒకదానిమీద ఒకటి మెల్లిగా దొర్లుతున్నాయి, కనిపించని మాత్రను నలుపుతున్నట్టు.

"ఇదేమిటో నీకు చెప్పక్కర్లేదు. నాకూ ఇంకొకరు చెప్పక్కర్లేదు."

"ఆపరేషన్లు?"

"చేస్తున్నప్పుడు ఆగుతోంది. ఇంతవరకు ఆగుతోంది." చెయ్యి జేబులో పెట్టుకున్నారు. "ఇప్పుడు నాకు పాలసీ ఎవడూ ఇవ్వడు. ఇల్లు బ్యాంకుది. పిల్ల కాలేజీకి రాబోతోంది. ఈ బండి మంచి ధరకి అమ్మిపెట్టవోయ్. ఇది అమ్ముడుపోయిన మర్నాడు నేను కత్తి కింద పెడతాను. ఎవరూ నన్ను పెట్టమని చెప్పే అవసరం రాకుండా పెడతాను. నాకు అదొక్కటే కావాలి."

ఆ మాట భార్యకు కూడా ఇంకా చెప్పలేదన్నారు. ఆయన నన్ను అడిగింది కారు అమ్మిపెట్టమని కాదు. మర్యాదగా తప్పుకోడానికి దారి చూపించమని. నాకది అర్థమైంది. అర్థమైంది కాబట్టే అంత అత్యుత్సాహం చూపించాను.

కారును మా షాపుకి తెచ్చాను. అప్పటికి పాత కార్ల ధరలు నెలనెలా లేస్తున్నాయి. కాలిఫోర్నియాలో ఒక కొనుగోలుదారు దొరికాడు. తన తరఫున పరీక్షకుణ్ణి పంపిస్తానన్నాడు. మూడు వారాల టైముంది. బ్రేకులు చూశాను, పైపులు మార్చాను. ఇంజను బాగుంది, రేకు బాగుంది. ఒక్కటే లోపం. ముందువైపు, చక్రం పైన, ఫ్రేము మీద ఫ్యాక్టరీలో కొట్టిన ఛాసిస్ నంబరు తుప్పు పట్టి ఉంది. ఆ పైలట్ దాన్ని చలికాలాల్లో ఉప్పు చల్లిన రోడ్ల మీద నడిపినట్టున్నాడు. ఏడు అక్షరాల్లో మూడే చదవడానికి వచ్చేవి. ఇంజను గదిలో మేకులతో బిగించిన చిన్న ప్లేటు మీద మాత్రం అదే నంబరు శుభ్రంగా ఉంది.

ఇక్కడ కొంచెం బెజవాడ సంగతి చెప్పాలి. అక్కడ లారీ ఛాసిస్ మీద నంబరు కనిపించకపోతే బ్రేక్ ఇన్‌స్పెక్టరు బండి ఆపేస్తాడు. ఓనరు ఆఫీసులో అర్జీ పెట్టుకుంటాడు. కాగితాలన్నీ చూసి, నంబరు మళ్ళీ కొట్టించుకోమని అనుమతి ఇస్తారు. మా మామయ్య షెడ్డులో ఆ పని చేసేవాళ్ళు. తుప్పు పోయేదాకా ఆకురాయితో అరగదీసి, నున్నగా చేసి, ఉక్కు పంచ్‌లతో అంకె తర్వాత అంకె కొట్టేవారు. పన్నెండేళ్ళకే నాకా పని అప్పగించాడు మామయ్య. నా చెయ్యి ఒకే బరువుతో పడుతుందని. మా దృష్టిలో నంబరు స్పష్టంగా ఉన్న బండి పరువైన బండి. కనిపించని నంబరుతో తిరిగేది దొంగబండి. నేను అమెరికా వచ్చేటప్పుడు మామయ్య ఆ పంచ్‌ల పెట్టె ఇచ్చాడు. పచ్చళ్ళ మధ్య పెట్టి తెచ్చుకున్నాను.

ముసలాయన మోకాలి ఆపరేషన్ కోసం రెండు వారాలు రాలేదు. ఒక శనివారం పొద్దున షాపులో నేనొక్కణ్ణే ఉన్నాను. ఇంటి నుంచి పెట్టె తెచ్చుకున్నాను. తుప్పు గుంటలు లోతుగా ఉన్నాయి, అందుకని లోతుగానే అరగదీశాను. ఏడు అక్షరాలూ కొట్టాను. ఒకే లోతు, ఒకే ఎడం. పదిహేనేళ్ళ తర్వాత కూడా చెయ్యి తప్పలేదు. మధ్యాహ్నం డాక్టరుగారు వచ్చారు. లైటు పెట్టి చూపించాను.

"బాగా కొట్టావోయ్. ఇక్కడ అలా చేయొచ్చా?"

"మన నంబరే కదండీ. దొంగ నంబరేం కొట్టలేదు."

"అదీ నిజమే" అన్నారు. పంచ్‌ల పెట్టె చేతిలోకి తీసుకుని, ఆపరేషన్ పనిముట్లను చూసినట్టు ఒక్కొక్కటీ చూశారు. అప్పుడు ఆయన చెయ్యి వణకలేదు. ఆ సంగతి నేను గమనించాను. ఇద్దరం సంతోషంగా ఉన్న ఆఖరి రోజు అదే.

పరీక్షకుడు శుక్రవారం పొద్దున తొమ్మిదిన్నరకు వచ్చాడు. సన్నగా, జుట్టు నెరిసి, మెల్లగా మాట్లాడే మనిషి. డాక్టరుగారు భార్యతో వచ్చారు. ఆమెకు అప్పటికి చెప్పేశారు. ఆమె పట్టుచీర కట్టుకుని, పెద్ద డబ్బాలో పులిహోర తెచ్చింది. నన్ను పక్కకు పిలిచింది.

"అన్నయ్యగారూ, పదిన్నర నుంచి రాహుకాలం. ఆయన్ని ముందే మొదలుపెట్టెయ్యమనండి."

"మొదలుపెట్టేశాడమ్మా."

"హమ్మయ్య. ఈయన రాత్రంతా పడుకోలేదు. సెప్టెంబరు నుంచి ఇంట్లోనే ఉంటాను, వంట నేర్పు అంటున్నారు." నవ్వబోయి ఆగిపోయింది.

వాళ్ళిద్దరినీ ఆఫీసు గదిలో కూర్చోబెట్టి వచ్చాను. పరీక్షకుడు చక్రాల పలక మీద వెల్లకిలా పడుకుని కారు కిందికి వెళ్ళాడు. పాదాలు మాత్రం కనిపిస్తున్నాయి. చాలాసేపు చప్పుడు లేదు.

"ఈ నంబరు ఎవరు కొట్టారు?"

"నేనే" అన్నాను. గర్వంగానే అన్నాను. ఆ గొంతు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

ఆయన మెల్లిగా బయటికొచ్చాడు. లేవలేదు. నేలమీదే కూర్చుని నా వైపు చూశాడు.

"ఎందుకు?"

"తుప్పు పట్టి కనిపించడం లేదు. ప్లేటు మీదున్న నంబరే కొట్టాను. చూసుకోండి, ఒక్క అక్షరం తేడా లేదు."

"తేడా లేదు. కానీ ఈ అంకెలు ఇంగ్లండువి కావు. ఆ ఫ్యాక్టరీలో నాలుగు అంకె ఇలా ఉండదు. ఎక్కడివి ఇవి?"

ఇండియావి అన్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆ తర్వాత చెప్పినదంతా, చదువురాని వాడికి చెప్పినట్టు, ఓపికగా చెప్పాడు. ఇలాంటి కార్లు తక్కువ కాబట్టి దొంగపని ఎక్కువ. గుద్దుకుని నుజ్జయిన అసలు కారు నుంచి ప్లేటు ఊడదీసి, మామూలు ఫ్రేముకి బిగించి, దాని మీద నంబరు కొట్టి అమ్ముతారు. అందుకే ప్లేటును ఎవరూ నమ్మరు. ఫ్రేము మీద ఫ్యాక్టరీ కొట్టిన నంబరునే నమ్ముతారు.

"మీరు దొంగ కాదని నాకు తెలుసు. దొంగ అయితే నేనే కొట్టానని చెప్పడు. కానీ నేనొక్కణ్ణి నమ్మితే చాలదు. నా తర్వాత కొనేవాళ్ళు, వాళ్ళ తర్వాత కొనేవాళ్ళు నమ్మాలి. వాళ్ళకి చూపించడానికి ఇప్పుడు ఏముంది?"

"తుప్పు పట్టిన నంబరుతో అమ్మితే మాత్రం నమ్మేవాళ్ళా?"

"వదిలేసి ఉంటే ఆసిడ్ రాసి చదివేవాళ్ళం" అన్నాడు ఆయన.

ఆ మాట వినగానే నాకు మా కాలేజీ ల్యాబు కళ్ళముందుకొచ్చింది. మూడో సంవత్సరం. ఉక్కు మీద పంచ్ కొడితే పైన కనిపించే గుంటే కాదు, దాని కింద లోహం కూడా నలుగుతుంది. పైన తుప్పు తిన్నా, కింద నలిగిన గుర్తు కొంతలోతు వరకు ఉంటుంది. ఆసిడ్ రాస్తే ఆ చోటు వేరుగా మసకబారి నంబరు తేలుతుంది. లెక్చరరు ఒక కడ్డీ మీద నంబరు అరగదీసి ఇచ్చి, చదివి చెప్పమన్నాడు. నేను చదివాను. క్లాసులో అందరికంటే ముందు చదివాను. ఆ జ్ఞానం నాలో ఎక్కడో ఉంది. కానీ ఆ శనివారం ఆకురాయి పట్టుకున్నవాడు మెటలర్జీ చదివిన నేను కాదు, మామయ్య షెడ్డులోని నేను. అతనికి తుప్పంటే శుభ్రం చేయవలసింది, అంతే.

"ఇప్పుడు రాసి చూద్దాం" అన్నాను.

ఆయన కాదనలేదు. సంచీలోంచి చిన్న సీసా, దూది తీశాడు. కారును లేపి, ఇద్దరం లైటు పట్టుకుని నిలబడ్డాం. నేను కొట్టిన అంకెల మధ్య, పక్కన, మెల్లిగా రాశాడు. ఆగాడు. మళ్ళీ రాశాడు. భూతద్దం నాకిచ్చాడు. మొదటి అక్షరం పక్కన ఒక సన్నని వంపు తేలినట్టే తేలింది. అంతకు మించి ఏమీ రాలేదు. నా అంకెలు మాత్రం కొత్త రూపాయల్లా మెరుస్తున్నాయి. ఇరవై నిమిషాలు చూశాం. లైటు నేను ఆర్పలేకపోయాను. ఆయన ఆర్పాడు.

"చాలా లోతుగా అరగదీశారు" అన్నాడు. తిట్టినట్టు కాదు.

నంబరు దిద్దినందుకు పోలీసులకు చెప్పవచ్చు, కానీ చెప్పనన్నాడు. తన కాగితంలో మాత్రం ఉన్నది ఉన్నట్టు రాయాలన్నాడు. చేతులు కడుక్కుని డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాడు. ఆమె అతనికి పులిహోర పెట్టిందట. రేకు కాగితంలో చుట్టి పట్టుకుని బయటికొచ్చాడు. డాక్టరుగారు అతన్ని సాగనంపడానికి కారు దాకా వెళ్ళారు. కిటికీ అద్దంలోంచి చూశాను. ఇద్దరూ పది నిమిషాలు మాట్లాడుకున్నారు. డాక్టరుగారు తలవంచుకుని వింటున్నారు. ఒకసారి ఏదో అడిగారు. అతను జవాబు చెప్పాడు. చేతులు కలిపి వచ్చేశారు.

"సరేనోయ్. వాళ్ళకి వద్దుట" అన్నారు నాతో.

"డాక్టరుగారూ, నేను..."

"భోంచేద్దాం రా. ఆవిడ ఇంత చేసుకొచ్చింది."

ముగ్గురం షాపు ఆఫీసులో కూర్చుని పులిహోర తిన్నాం. ఎవరం ఏం మాట్లాడుకున్నామో గుర్తులేదు. ఆయన చెంచా ప్లేటు అంచుకు తగిలి చప్పుడవుతోంది. ఆమె లేచి, ప్లేటు కింద చేతిరుమాలు మడిచి పెట్టింది.

ముసలాయన తిరిగొచ్చాక చెప్పాను. ఆయన కారు కిందికి వెళ్ళి చూసి వచ్చాడు. "పని బాగా చేశావు, ప్రొఫెసర్" అన్నాడు. అంతే. ఉద్యోగంలోంచి తీసేస్తే బాగుండేదని చాలాకాలం అనుకున్నాను.

డాక్టరుగారు సెప్టెంబరులో కత్తి కింద పెట్టలేదు. ఇంకో ఏడాది అన్నారు. చిన్న ఆపరేషన్లే తీసుకుంటానన్నారు. నవంబరులో ఒకామెకు ఆయన వేసిన ముడి జారింది. అదేరోజు మళ్ళీ కడుపు తెరవాల్సి వచ్చింది. ఆమె బతికింది. ఆపరేషన్ గదిలో ఉన్న నర్సు చూసినది చూసినట్టు రాసి పైవాళ్ళకు ఇచ్చింది. ఆమె చేసింది సరైన పని. ఆయనను గదిలోకి పిలిచి, తలుపు వేసి, రాజీనామా చేయమన్నారు. ఎవరూ తనతో చెప్పే అవసరం రాకూడదని ఆయన కోరుకున్న మాటను, తనకంటే పదేళ్ళు చిన్నవాడు చెప్పాడు.

ఆ ఆదివారం ఫోన్ చేశారు. "ఇంజినీరూ, బండి తియ్యి. ఇక దాచడానికేముంది."

నేను నడిపాను, ఆయన పక్కన కూర్చున్నారు. ఏడేళ్ళలో ఆ కారు ఊరి పొలిమేర దాటడం అదే మొదలు. పడమరగా ఫాక్స్ నది దాకా వెళ్ళాం. చెట్లు ఆకులు రాల్చేశాయి. పైకప్పు లేని కారు, చలిగాలి మొహాన కొడుతోంది. ఆయన రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నారు. నది ఒడ్డున ఆపాక, ఇంజను ఆర్పవద్దన్నారు.

"ఒక మాట అడుగుతాను. నువ్వు ఆ నంబరు కొట్టకుండా వదిలేసి ఉంటే, వాళ్ళు చదవగలిగేవాళ్ళా?"

నాకు ఆలోచించుకోడానికి టైముంది. ఆయన తొందరపెట్టలేదు. నీళ్ళవైపు చూస్తున్నారు.

"లేదండీ. తుప్పు పూర్తిగా తినేసింది" అన్నాను.

ఆయన చేతులు తొడల కిందినుంచి తీసి కోటు జేబుల్లో పెట్టుకున్నారు.

"అయితే ఎలాగూ పోయేదేనన్నమాట. నువ్వేం చేస్తావు పాపం. పద, చలేస్తోంది."

ఆయన మనశ్శాంతి కోసం ఆ అబద్ధం చెప్పానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను.

ఇల్లు అమ్మేశారు. అపార్ట్‌మెంటుకి మారారు. ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో, ఇతర సర్జన్లు పంపిన కాగితాలు చదివి సంతకం పెట్టే ఉద్యోగం ఆయనకు దొరికింది. సంతకం రోజురోజుకీ చిన్నదవుతోందని నవ్వేవారు. ఆ నంబరును నమ్మి కొనేవాళ్ళు లేక, కారును విడిభాగాలుగా అమ్మాం. తర్వాత మూడేళ్ళు అలాంటి కార్ల ధరలు ఎవరూ ఊహించనంతగా పెరిగాయి. షాపుకొచ్చే పత్రికలో నెలనెలా వేలం ధరలు వేసేవారు. ముసలాయన ఆ పేజీ చించేసి పత్రికను బల్లమీద పెట్టేవాడు. నేను బయట కొనుక్కుని చదివేవాణ్ణి. ఎనభై తొమ్మిది చలికాలంలో డాక్టరుగారు గుండెపోటుతో పోయారు.

ఆ తర్వాత షాపులో కొత్తగా చేరినవాళ్ళకు పని నేర్పేది నేనే. ముట్టుకోవద్దు, రుద్దవద్దు, ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచండని చెప్పేవాణ్ణి. చాలా జాగ్రత్తగల మనిషినని పేరొచ్చింది. ఆ పేరు చూసే మీలో ఒకతను నాకు ఫోన్ చేశాడు.

ఇంతవరకు రాసి, అచ్చుకిచ్చే ముందు డాక్టరుగారి భార్యకు పంపాను. ఆమె ఇప్పుడు కాపెల్ అనే ఊళ్ళో కూతురి దగ్గర ఉంటోంది. ఆమెకు కూడా ఇన్నేళ్ళూ నేను నిజం చెప్పలేదు. వారం తర్వాత ఫోన్ చేసింది.

"చదివానండీ అన్నయ్యగారూ. అమ్మాయి చేత పెద్ద అక్షరాలతో ప్రింట్ చేయించుకుని చదివాను."

"అమ్మా, నేను..."

"ఆయనకి తెలుసండీ."

నాకు అర్థం కాలేదు.

"ఆ తెల్లాయన కారెక్కేముందే చెప్పేశాడట. వదిలేసి ఉంటే చదివేవాళ్ళం అని. మీ స్నేహితుణ్ణి ఏమీ అనకండి, మంచి మనసుతో చేశాడు అని కూడా చెప్పాడట. ఈయన ఆ రాత్రే నాతో అన్నారు. నేను మీమీద కోప్పడ్డాను. నిజం చెప్తున్నాను, చాలా కోప్పడ్డాను. ఆగవే, వాడే వచ్చి చెప్తాడు అన్నారు."

నేను ఫోను రెండో చెవికి మార్చుకున్నాను.

"మీరు చెప్పలేదు. నెలలు గడిచాయి. మీరు చెప్పలేకపోతున్నారని, తనే అడిగితే మీకు సులువవుతుందని, ఆ ఆదివారం మిమ్మల్ని బయటికి తీసుకెళ్ళారు. ఇంటికొచ్చి కోటు విప్పుకుంటూ, చెప్పలేదే అన్నారు. అంతే. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు."

"తర్వాత కూడా ప్రతి ఆదివారం నాతో మామూలుగానే ఉన్నారు కదమ్మా."

"ఉన్నారు. కానీ మీరు వెళ్ళిపోయాక కాసేపు తలుపు దగ్గరే నిలబడేవారు."

అవతల వాళ్ళింట్లో ఎవరో పళ్ళెం కడుగుతున్న చప్పుడు వినిపించింది.

"అచ్చు వేయించండి. ఆయన ఉంటే వేయించమనేవారు" అంది. తర్వాత, ఎప్పటిలా, "ఇంతకీ అన్నం తిన్నారా అన్నయ్యగారూ?" అని అడిగింది.

తిన్నానమ్మా అన్నాను. తినలేదు.